పేర్చినవాళ్ల కుండలు చివర

న్యాయం గురించి మాట్లాడటమంటే అందరికీ సరదానే. కడుపు నిండి ఉంటే మరీను. ఉన్నది అందరికీ సమానంగా పంచాలంటాడొకడు. కాదు, అవసరం ఎవరికెక్కువో వాళ్లకివ్వాలంటాడు ఇంకొకడు. పనితనం ఉన్నవాడికే పెద్ద వాటా అంటాడు మూడోవాడు. అసలు ఎవరి వాటా ఏదో తెలియకముందే నియమం రాసుకోవాలి, అప్పుడే అది న్యాయమైన నియమం అంటాడు నాలుగోవాడు. లావుపాటి పుస్తకాల్లో ఈ నలుగురూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కుండలు చేసేవాళ్ల సందులో మాత్రం ఈ వాదాలన్నిటినీ ఒకే ఆవంలో పెట్టి కాల్చి చూశారు. ఏది నిలిచిందో, ఏది పెంకులయ్యిందో ఆవం పెద్దమ్మ బతుకు చూస్తే తెలుస్తుంది.

ఆవం అంటే కుండలు కాల్చే పొయ్యి. సందు చివర, ఇటుకలతో కట్టిన చిన్న గదిలా ఉంటుంది. మనిషి వంగి దూరేంత వాకిలి, లోపల మట్టిపలకల అరలు, అడుగున మంట లోపలికొచ్చే నోరు. ఏడు ఇళ్లవాళ్లు చేసిన పచ్చి కుండలన్నీ అందులోనే కాలాలి. ఎవరికి వాళ్లు ఆవం కట్టుకునే తాహతు లేదు, కట్టుకున్నా దాన్ని నింపేటన్ని కుండలు ఏ ఒక్క ఇంట్లోనూ తయారవవు. అందుకని కలిసి కాల్చుకుంటారు. కలిసి కాల్చుకుంటారు కాబట్టి కలిసి కొట్టుకుంటారు.

కొట్లాటకి కారణం ఒక్కటే. ఆవంలో అన్ని చోట్లూ ఒకటి కాదు. మధ్య అర మహారాజు చోటు. అక్కడ వేడి నాలుగు వైపులా సమానంగా తగులుతుంది. కుండ ఎర్రగా, నిండుగా కాలి, వేలితో తడితే ఖంగుమంటుంది. పై అరలు పర్వాలేదు. వెనక మూల చలి చోటు. అక్కడ కుండ సగం పచ్చిగానే మిగిలి, నీళ్లు పోస్తే చెమటలు కక్కుతుంది. ఇక మంట నోటికి ఎదురుగా ఉన్న చోటు గురించి చెప్పనక్కర్లేదు. అక్కడ కూర్చున్న కుండకి ఒక చెంప మాడటం ఖాయం, పగలకపోతే అదృష్టం. ఒళ్లు వంచి, తిరిగే సారె మీద చేసిన పనంతా, ఏ చోట పడిందన్నదాన్ని బట్టి సరుకవుతుంది, లేదా చెత్తవుతుంది.

ముందొచ్చినవాడిదే మంచి చోటు అని ఒక కాలంలో అన్నారు. కండపట్టిన కొడుకులున్న ఇల్లే ఎప్పుడూ ముందొచ్చేది. ముసలివాళ్లకి ఎప్పుడూ వెనక మూలే. ఒకసారి వాకిట్లో తోపులాట జరిగి, కాలకముందే సగం కుండలు తిరిగి మట్టయ్యాయి. సరే, పనితనాన్ని బట్టి ఇద్దామన్నారు. వినడానికి బాగానే ఉంది. మంచి పనివాడి కుండ మధ్య అరలో కూర్చుని ఇంకా అందంగా కాలింది. చెయ్యి తిరగనివాడిది మూలన పడి ఇంకా అధ్వానంగా వచ్చింది. తర్వాతి కాల్పుకి రెండూ పక్కపక్కన పెట్టి, చూశారా ఎవరి పనితనం ఏమిటో అన్నారు. కలిగినవాడికే కలిసొస్తుందని ఊరికే అనలేదు. ఆ కుండలో పనితనం ఎంత, చోటు మహిమ ఎంత అని విడదీసి చెప్పగల మొనగాడు సందులో లేడు.

చివరికి విసిగిపోయి చీట్లు వేశారు. చీటీకి పక్షపాతం లేదు, నిజమే. బుర్ర కూడా లేదు. కాగితంలా పల్చగా చేసిన గిన్నెలు వెళ్లి మంట నోటి ముందు పడ్డాయి. ఎంత సెగనైనా ఓర్చుకునే మందపాటి తొట్లు మధ్య అరలో కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. ఆవం తెరిస్తే ఏడిళ్లకీ సమానంగా పెంకులు దక్కాయి. అంతటి సమానత్వాన్ని ఆ సందు మళ్లీ చూడలేదు.

పెద్దమ్మ అప్పటికి పెద్దమ్మ కాదు. ఆ సందుకి కొత్తకోడలు. అందరితోపాటు పెంకులు ఏరుతూ, "కుండని అడగాలి గానీ మనిషిని అడిగితే ఎలా? పల్చటిది మధ్యలో ఉండాలి, మందంది మంట దగ్గరుండాలి. ఎవరిదైతే ఏం?" అంది.

"అయితే నువ్వే పేర్చు," అన్నారెవరో, వెక్కిరింపుగానే.

"పేర్చేది తనైతే మధ్య అరలో ఎవరి కుండలు కూర్చుంటాయో వేరే చెప్పాలా?" అని మరిది అందుకున్నాడు. భర్తకి చిన్నాన్న కొడుకు. ప్రతిదానికీ అటొక మాట ఇటొక మాట లాగి వాదిస్తాడని అప్పటికే అతనికి వకీలని పేరు. "కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరు వదినా?"

ఆమె పెద్దగా ఆలోచించలేదు. "నా కుండలు చివర పెడతా. మీ అందరివీ సర్దాక ఏ చోటు మిగిలితే ఆ చోట."

వకీలుకి మాట దొరకలేదు. అతని జన్మలో అది అరుదైన సంఘటన.

అలా మొదలైంది. పేర్చినవాళ్ల కుండలు చివర. రొట్టె కోసినవాడు చివరి ముక్క తీసుకోవాలంటే కత్తి దానంతటదే సమానంగా తెగుతుందని తెలివైనవాళ్లు చెబుతారు. రొట్టె విషయంలో నిజమే. ఆవాన్ని కోయలేం. ఎంత నిజాయితీగా సర్దినా మంట నోరొకటుంటుంది, దాని ముందు ఎవరో ఒకరి కుండ కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు తనేనని ఆమె ఒప్పుకుంది. ముప్పై ఏళ్లు ఆ మాట మీద నిలబడింది. మాటిచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఇచ్చిన మాటతోపాటు మాడినవాళ్లు తక్కువ.

పేర్చే రోజు చూడాలి ఆమెని. చీర కుచ్చిళ్లు ఎగదోపి, మోకాళ్ల కింద గోనెసంచి మడిచి వేసుకుని, ఆవంలో చతికిలబడుతుంది. బయట నుంచి ఒక్కొక్క కుండ చేతికందిస్తారు. అది ఎవరిదో చెప్పకూడదు. అది సందు పెట్టుకున్న కట్టుబాటు. కానీ ముప్పై ఏళ్లు అందరి కుండలూ తాకిన చేతికి ఎవరిదో తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఈ అంచు ఏంటిలా వణికింది? తాతా, నీ చెయ్యి ఇవాళ డాన్సు చేసినట్టుందే," అనేది లోపల్నుంచి.

"నాదని ఎవరన్నారే?" అని వాకిట్లోంచి గోడపక్కింటి తాత గొణిగేవాడు. సందులో అందరికంటే ముసలివాడు ఆయనే.

"నీది కాదులే. గాలిది."

గాలిదంటూనే ఆ కుండకి ఏ చోటు కావాలో ఆ చోటే ఇచ్చేది. అప్పుడప్పుడు వకీలు గొడవపడి రెండు రోజులు మాట్లాడటం మానేసేవాడు. మూడో రోజు అతని గిన్నెలు చేతికొస్తే అవి మధ్య అరకే వెళ్లేవి, పల్చగా ఉంటే. ఎవరి వాటా ఏదో తెలియనప్పుడు న్యాయంగా ఉండటం ఎవడైనా చేస్తాడు. ఆమె అన్నీ తెలిసి, తెలియనట్టు పెట్టేది. అదీ కష్టం.

ఆమె చెయ్యి సన్నపు పని కోసం పుట్టిన చెయ్యి. మంట నోటి ముందు సన్నపు పని బతకదు కాబట్టి మెల్లగా అది మానేసి, మందపాటి పూలకుండీలు చేయడం అలవాటు చేసుకుంది. వాటికీ ఒక చెంప నల్లగానే ఉండేది. కుండలు అమ్మిపెట్టే దుకాణాయన వాటిని వెనక వరసలో పెట్టేవాడు.

"పెద్దమ్మా, నీ కుండీలన్నీ ఒకే చెంప మీద దెబ్బ తిన్నట్టుంటాయేంటి?"

"రెండో చెంప రోడ్డు వైపు పెట్టు. ఆ మాత్రం తెలివి కూడా నేనే పెట్టి పంపాలా?"

భర్త ఉన్నన్నాళ్లూ సణిగేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనేవాడు. కానీ సందులో ఎవరైనా ఆమెని ఒక మాటంటే ముందు లేచేది ఆయనే. ఆయన పోయాక ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు, పెద్దమ్మ, కూతురు. కూతుర్ని అందరూ బుంగ అంటారు. చిన్నప్పుడు అలిగితే మూతి బుంగలా పెట్టుకునేదని తండ్రి తగిలించిన పేరు. పెద్దయ్యాక అలగడం మానేసింది, పేరు మానలేదు.

బుంగ సారె మీద కూర్చుంటే సందులోవాళ్లు నడుస్తూ నడుస్తూ ఆగేవాళ్లు. పొడుగాటి జాడీలు చేసేది. సన్నటి మెడ, నిండు కడుపు, గోడ మాత్రం అరటాకు మందం. తల్లి చేయకుండా వదిలేసిన పనంతా కూతురి చేతిలోకి దిగిందనిపించేది. దిగి ఏం లాభం? తల్లి పేర్చే మనిషి. తల్లివి చివరైతే కూతురివీ చివరే. ఒకే ఇల్లు, ఒకే సారె, ఒకే మట్టి. అందులో రెండో ఆలోచన ఉంటుందని పెద్దమ్మకి ఎప్పుడూ తోచలేదు. బుంగ జాడీల్లో సగం మంట మొహాన పగిలేవి. మిగిలిన సగం చెంప మాడేవి. ఏం చేస్తాం అనుకునేది పెద్దమ్మ. ఇంకొకటి చేసుకో తల్లీ అనేది.

ఇలా ఉండగా, చేతిపనులు నేర్పే బడి ఒకటి ఊళ్లో పెట్టారు. మట్టిపని నేర్పడానికి ఒక మనిషి కావాలన్నారు. బుంగ వెళ్లి అడిగింది. బడి నడిపే మేడమ్ ఆమె చేతులు చూసి, మాట విని, "మీ జాడీలు మూడు చూడాలి. కాలినవి. ఆవం తెరిచే రోజు చెప్పండి, నేనే వస్తా," అంది. వానలు ముంచుకొస్తున్నాయి. ఈ కాల్పు పోతే మళ్లీ వానలు వెనకబట్టాకే. అప్పటిదాకా ఆ ఉద్యోగం ఎవరి కోసమూ చాప పరుచుకుని కూర్చోదు.

బుంగ మూడు జాడీలు చేసింది. ఆరబెట్టింది. పెద్దమ్మ వాటి చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది.

మర్నాడు ఇద్దరూ మట్టి తొక్కుతున్నారు. బుంగ కాళ్లవైపు చూసుకుంటూ అడిగింది.

"అమ్మా, ఈసారి నా జాడీలు ఎక్కడ పెడతావు?"

"ఎప్పుడూ పెట్టే చోటే."

"అంటే మంట మొహాన."

"మిగిలిన చోట. మంట మొహాన అని నేననలేదు."

"మిగిలేది ఎప్పుడూ అదేగా."

"పేర్చినవాళ్ల కుండలు చివర. కొత్తగా చెప్పాలా నీకు?"

"పేర్చేది నువ్వు. నేను కాదు."

"ఒక ఇంట్లోవాళ్లం. నీవేంటి, నావేంటి?"

బుంగ తొక్కడం ఆపింది. "ఆ మాట నన్నెప్పుడైనా అడిగావా? మాటిచ్చింది నువ్వు. అప్పటికి నేను పుట్టనైనా లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నీ న్యాయానికి నా కుండలు కట్టబెడుతున్నావు. నీవి మాడ్చుకో, నీ ఇష్టం. గొప్పదానివే, కాదనను. నావి మాడ్చి కూడా నువ్వే గొప్పదానివి అవుతున్నావు చూడు, అది నచ్చట్లేదు నాకు."

"మధ్య అరలో పెడితే రేపు సందులో నా మొహం ఎవరికి చూపించను?"

"మధ్య అరలో పెట్టమని నేనడిగానా? కుండని అడగమని చెప్పింది నువ్వేగా. అడుగు. నా జాడీల్ని కూడా ఒక్కసారి అడుగు."

పెద్దమ్మ కాళ్లు ఆగలేదు. మట్టి తొక్కుతూనే ఉంది, అవసరమైనదానికంటే ఎక్కువగా. మాటకి మాట అప్పజెప్పడంలో ఆమె దిట్ట, కానీ ఇది అలాంటి మాట కాదు. ముప్పై ఏళ్లుగా తను ఏ చోటైతే వదిలేసుకుంటున్నాననుకుందో, అందులో సగం చోటు తనది కాదు. అది కూతురిది. అడక్కుండా తీసుకుంది, తీసుకుని సందుకి పంచింది. సందంతా ఆమెని మెచ్చుకుంటుంటే ఆ మెప్పులో బుంగ జాడీల పెంకులు కూడా ఉన్నాయి.

ఇప్పుడేం చేయాలి? జాడీలు మంట ముందు పెడితే బిడ్డ ఉద్యోగం బూడిద. మధ్య అరలో తన చేత్తో పెడితే, కంచె చేను మేసిందని సందు అనకపోయినా తన చెయ్యే అంటుంది. ఎందుకంటే వాటిని మధ్యలో పెట్టాలని తనకి ఎంత ఆశగా ఉందో తనకి తెలుసు. ఆశ ఉన్న చేతికి కుండ సరిగ్గా బదులు చెప్పదు.

సాయంత్రం వకీలు ఇంటికెళ్లింది. అతను వాకిట్లో పెద్ద పెద్ద తొట్ల అంచులు నున్నగా రుద్దుతున్నాడు.

"మరిదీ, ఈసారి ఆవం నువ్వు పేర్చు."

"ఏం, నడుం పట్టేసిందా?"

"నడుం గుండ్రాయిలా ఉంది. బుంగ జాడీలు ఉన్నాయి. అవి ఎక్కడ పెట్టాలో నేను తేల్చకూడదు. నాకు ఆశగా ఉంది."

వకీలు రుద్దడం ఆపి ఆమెని ఎగాదిగా చూశాడు. "నీ మీద నేను వెయ్యి మాటలని ఉంటా వదినా. ఈ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు."

"నువ్వనకముందే చెబుతున్నా."

"నేను పేరిస్తే నావి చివరేగా?"

"అవును."

"ఈ తొట్లు మొక్కల తోటవాళ్లకి. వానలు పడకముందే ఇస్తానన్నా."

"మందంగానే ఉన్నాయిగా, మంటకి ఓర్చుకుంటాయి."

"చెప్పేవాళ్లకేం, తేలికే."

"ఎవరికి, నాకా?"

వకీలు తల దించుకుని మళ్లీ రుద్దడం మొదలెట్టాడు. నోట్లో నవ్వు దాచుకున్నాడో, సిగ్గో చెప్పలేం. కాసేపటికి, "జాడీల్ని తీసుకెళ్లి వెనక మూలన పడేస్తే ఏం చేస్తావు?" అన్నాడు.

"ఏమీ చేయను. నీ చెయ్యి, నీ బుద్ధి."

ఇంటికొచ్చి చెప్తే బుంగ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "బాబాయి చేతికా? ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"నేను పేరిస్తే నా న్యాయానికి బలవుతావు, లేకపోతే నా ఆశకి. రెండూ నావే. వాడికి నీ మీద రెండూ లేవు."

"కోపం ఉంది."

"వాడికి సందు మీదే కోపం. నీకంటూ ప్రత్యేకంగా ఏం లేదు."

పేర్చే రోజు సందంతా వాకిట్లోనే ఉంది. పని ఉన్నవాళ్లు కూడా మానుకుని వచ్చారు. నోరు తప్ప వేరే ఆయుధం లేని వకీలు ఆవంలో దూరడం వాళ్లకి మళ్లీ మళ్లీ దొరికే వేడుక కాదు. పెద్దమ్మ ఎదురుగోడ అరుగు మీద కూర్చుంది. లోపలికి చూడనని, నోరు తెరవనని ముందే చెప్పింది.

మొదటి జాడీ లోపలికెళ్లింది. వకీలు దాన్ని రెండు చేతుల్లో తూచి చూశాడు. పెద్దమ్మ తన వేళ్లు చూసుకుంటూ కూర్చుంది.

"పల్చటిది," అని లోపల్నుంచి గట్టిగా వినిపించింది. "మధ్యలోనే ఉండాలి. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఏముంది, జాడీ పల్చగా ఉన్నమాట నిజం. మూడూ మధ్య అరలోకెళ్లాయి. బుంగ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

అసలు తంటా ఆ తర్వాతొచ్చింది. ఇన్నేళ్లూ పక్కవాళ్ల తప్పులు లెక్కపెట్టినవాడు కదా, తన తప్పు ఎవరైనా లెక్కపెడతారేమోనని వకీలుకి భయం. ఒకరి కుండ ఇంకొకరి కుండకి ఆనితే, నీ వల్లే నా కుండకి మచ్చపడిందని రేపు తగువొస్తుంది. అందుకని కుండకీ కుండకీ మధ్య చెయ్యి పట్టేంత సందు వదిలాడు. ఎవరూ ఎవర్నీ తాకకూడదు. ఎవరూ అతన్ని ఒక మాటనకూడదు. అంత మర్యాదగా ఆ ఆవంలో కుండలు ఎప్పుడూ కూర్చోలేదు. పెద్దమ్మ మందపాటి పూలకుండీలకి కూడా అడుగు అరలో, మంట నోటికి కాస్త పక్కగా, దర్జాగా చోటు దొరికింది. అందరివీ అయిపోయాయి. వకీలు వెన్ను నిమురుకుంటూ బయటికొచ్చి, తన తొట్లు తీసుకుని మళ్లీ వంగి లోపలికి చూశాడు.

ఒక్క చోటు లేదు. మంట నోటి ఎదురుగా ఉన్న చోటు కూడా లేదు.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. వకీలు మాత్రం తొట్టి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మిగల్లేదు. అంతే. చివర అంటే చివరే," అన్నాడు. గొంతులో వాదన లేదు. వాదన లేని వకీలు గొంతు వినేసరికి నవ్వులు ఆగిపోయాయి. మబ్బు కమ్ముకొస్తోంది. అన్నీ తీసి మళ్లీ పేర్చడానికి పొద్దు లేదు. బయట ఉండిపోతే ఆ తొట్లకి రేపే వాన, తోటవాళ్లకి ఇచ్చిన మాటకి నీళ్లు.

తాత పెద్దమ్మని పిలిచాడు. "అమ్మాయ్, మీ ఇంటివి ఎప్పుడూ సర్దుకునేవేగా. ఆ జాడీలు తీసేస్తే సరి. వీడి తొట్లు పట్టేస్తాయి."

చెడు ఉద్దేశంతో అన్నమాట కాదది. అలవాటులో అన్నాడు. సందంతా అదే అలవాటుతో పెద్దమ్మ వైపు చూసింది. ఎప్పుడూ తగ్గేవాళ్లే ఇంకోసారి తగ్గితే పోదా అనుకోవడం మనుషుల నైజం. అలా అనుకుని దానికి మంచితనమని పేరు పెడతారు. బుంగ గోడ దగ్గర నుంచి కదల్లేదు.

పెద్దమ్మ లేచింది. వంగి లోపలికెళ్లింది. అలవాటు ఎంత చెడ్డదో ఆమెకి అప్పుడు తెలిసింది. చెయ్యి దానంతటదే మధ్య అర వైపు లేచింది. జాడీ మెడకి వేలు తగిలింది కూడా. ఇంకొక్క క్షణమైతే తీసి ఇచ్చేసేది, బయట అందరూ మా తల్లే అనేవాళ్లు. చెయ్యి కిందికి దించింది. అడుగు అరలోంచి తన పూలకుండీలు ఒక్కొక్కటే తీసి వాకిలి బయట పెట్టడం మొదలెట్టింది.

"జాడీలు, జాడీలు," అన్నాడు తాత, ఆమె పొరబడిందేమోనని.

"జాడీలు మా ఇంటివి కావు తాతా. అవి దానివి. నావి నేను తీసుకుంటున్నా."

వకీలు దారికడ్డంగా నిలబడ్డాడు. "నాకెవరి దానమూ అక్కర్లేదు వదినా."

"దానం ఎవడిస్తున్నాడు? ఇంతేసి దారులు వదిలిపెట్టావు, మంట షికారు చేయాలనా? అడుగు అర నిండకపోతే పైన ఒక్కటీ కాలదు. తొట్లు తెచ్చి అక్కడ నింపు. మాటలకి పొద్దు లేదు."

అతను తెచ్చి నింపాడు. వాకిలి ఇటుకలతో మూసి, మట్టి మెత్తి, మంట పెట్టారు. తెల్లారి వాన మొదలైంది. ఇంట్లో చోటు చాలక వాకిట్లోనే ఉంచిన పూలకుండీల మీద ఎంత గోనెపట్టా కప్పినా లాభం లేకపోయింది. ఒక్కొక్కటే మెత్తబడి, కుంగి, కూర్చున్న చోటే ముద్దయ్యాయి. పెద్దమ్మ ఆ ముద్దల్ని గంపకెత్తి మట్టిగుంటలో వేసింది. మట్టి ఎక్కడికి పోతుందిలే అంది. నిజంగానే బాధపడలేదు. పోయింది తనది.

ఆవం చల్లారాక తెరిచే రోజున బడి మేడమ్ గొడుగేసుకుని వచ్చింది. బుంగే వాకిలి ఇటుకలు తీసింది. మొదటి జాడీ బయటికొచ్చింది, ఎర్రగా, నున్నగా. మేడమ్ వేలితో తట్టింది. ఖంగుమంది. రెండోదీ అంతే. మూడోదాని కడుపు మీద వెంట్రుకంత చీలిక. మేడమ్ దాన్ని వెలుతురికి తిప్పి చూస్తుంటే బుంగ మొహంలో రంగు మారింది.

"ఆ చీలిక నాదండీ," అన్నాడు వకీలు వెనక నుంచి. "సందులెక్కువ వదిలేశా. చల్లారేటప్పుడు చలిగాలి తగిలింది. అమ్మాయి చేతిలో తప్పు లేదు."

అతని నోట్లోంచి నాదే తప్పు అన్న అర్థం వచ్చే మాట రావడం సందులో ఎవరూ విని ఎరగరు. తాత చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఏమన్నాడు?" అని పక్కవాణ్ణి రెండుసార్లు అడిగాడు.

మేడమ్ నవ్వి, "రెండు చాలు. బడి తెరవగానే వచ్చి చేరండి," అంది బుంగతో.

ఆమె వెళ్లాక వకీలు తన తొట్లు బయటికి దొర్లించాడు. అన్నిటికీ ఒక చెంప నల్లగా ఉంది. ఒకదాన్ని గోటితో గీకాడు. కొంగుతో మొహం తుడుచుకుంటున్న పెద్దమ్మని అడిగాడు.

"ఇది గీకితే పోదా?"

"పోదు. నేను అన్ని రకాలుగా గీకి చూశా."

అతను చాలాసేపు ఆ తొట్టి వైపే చూశాడు.

వానలు వెనకబట్టాయి. బుంగ పగలు బడికి వెళ్తోంది, సాయంత్రాలు ఇంట్లో సారె మీద కూర్చుంటోంది. తర్వాతి కాల్పు దగ్గరపడింది. ఎవరు పేర్చాలని వాకిట్లో మాటొచ్చింది.

"నా వల్ల కాదు," అన్నాడు వకీలు. "అది పేర్చడం కాదు, ఏడిళ్లవాళ్లని నెత్తిమీద మోయడం. నువ్వే పేర్చు వదినా."

"పేరుస్తా. ఒక్క మాట. చివర పెట్టేది నావి మాత్రమే. బుంగవి మీ అందరివాటిలోనే కలిసొస్తాయి. ఏ చోటు కావాలని కుండ అడిగితే ఆ చోట పెడతా. మధ్య అరైతే మధ్య అరే. ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే చెప్పండి, లోపలున్నప్పుడు చెవులు కొరుక్కోకండి."

కొందరికి నచ్చలేదు, మొహాలు చూస్తే తెలుస్తోంది. తల్లి చేత్తో కూతురి కుండకి మంచి చోటంటే ఎవరికైనా లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. తాత కర్రతో నేల మీద గీతలు గీశాడు.

"ఇదేదో ముందే అడగొచ్చుగా అమ్మాయ్. మేమేమైనా కాదన్నామా?"

"మీరు కాదనలేదు తాతా. నాకే తట్టలేదు. అది అడిగేదాకా."

పేర్చడం మొదలైంది. ఎప్పటిలాగే గోనెసంచి మోకాళ్ల కింద, ఎప్పటిలాగే ఎవరిదో చెప్పకుండా చేతికందివ్వడం. తొట్లు, గిన్నెలు, మూతలు. ఆ తర్వాత వకీలు ఒక జాడీ అందించాడు. సన్నటి మెడ, నిండు కడుపు. అది ఎవరిదో వాకిట్లో అందరికీ తెలుసు. వంగి లోపలికి తొంగిచూస్తున్నవాళ్ల నీడలు అరల మీద పడ్డాయి.

ఇంతకుముందు ఎన్నోసార్లు పెద్దమ్మ తన కుండని మంట ముందు పెట్టింది. అది అంత కష్టమనిపించలేదు. అప్పుడు చూసినవాళ్లందరూ మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు పెట్టబోయే చోటుకి ఎవరూ మెచ్చుకోరు. జాడీ గోడ మీద బొటనవేలు ఆనించి మెల్లగా ఒక చుట్టు తిప్పింది. పల్చగా ఉంది.

మధ్య అరలో, పక్క గిన్నెకి ఆనించి పెట్టింది. వాకిలి వైపు తిరిగి చూడలేదు.

"తర్వాతది ఇవ్వండి," అంది, చెయ్యి బయటికి చాపి.